వచ్చిపోయినవాళ్ళు

హారిక ఒంట్లో పనిచేస్తున్న కిడ్నీ ఆమె భర్త శ్రీకృష్ణది. కరోనా అన్న మాట వేములవారిపాలెంలో ఎవరి నోటా పలకకముందే ఆ ఆపరేషన్ జరిగింది. పెట్టిన కిడ్నీని ఒళ్ళు పరాయిదనుకుని తోసెయ్యకుండా ఆమె రోజూ మూడు రకాల మాత్రలు వేసుకుంటుంది. ఆ మాత్రల వల్ల ఏ చిన్న జబ్బునైనా ఎదుర్కొనే శక్తి ఒంటికి తక్కువ. అందుకే కిందటేడు వేసవిలో జబ్బు ఊరిని పట్టి ఊపినప్పుడు అత్తగారు రాఘవమ్మ ఇంట్లో ఒక కట్టడి చేసింది. ఆ జబ్బు ఒకసారి వచ్చిపోయినవాళ్ళు తప్ప ఇంకెవరూ హారిక గదిలో అడుగుపెట్టకూడదు. పక్కింటి సర్దార్‌బీకి ఆ వేసవిలోనే వచ్చింది. గుంటూరు ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉండి బతికొచ్చింది. అప్పటినుంచి హారికకు అన్నం పెట్టేదీ, తల దువ్వేదీ, పక్క దులిపేదీ ఆమే. ఈ జనవరిలో మిరపకోతలు మొదలయ్యాయి. పొరుగు జిల్లానుంచి కోతకు వచ్చిన మనిషి ఒకరు జ్వరంతో పడ్డారని తెలిసి పీహెచ్‌సీ జీపు రాఘవమ్మ కల్లం దగ్గర ఆగింది.

జీపులోంచి డాక్టర్ నాజియా దిగింది. ఈ మధ్యనే పీహెచ్‌సీకి వచ్చిన మెడికల్ ఆఫీసరు, ఊళ్ళో ఎవరి జబ్బేమిటో రికార్డుల్లో చదివి వచ్చింది. దిగీ దిగగానే ఆమెకు దగ్గు తెర వచ్చింది. మూతికి మాస్కు ఉన్నా కళ్ళల్లోంచి నీళ్ళు కారాయి. కల్లం నిండా మిరపకాయలు ఘాటు కొడుతూ ఎండుతున్నాయి. నడుం వంచి రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్ళు తలెత్తి ఆమెను జాలిగా చూశారు.

"ఇక్కడ దగ్గు, జలుబు, గొంతునొప్పి ఎవరెవరికి ఉన్నాయమ్మా?" అని అడిగింది డాక్టరు కళ్ళు తుడుచుకుంటూ.

"దగ్గు లేనివాళ్ళెవరని అడగండి డాక్టరమ్మా, తొందరగా తేలుద్ది" అంది రాజ్యం. కల్లంలో అందరికంటే పెద్ద నోరు ఆమెది. "ఎవరూ లేరు. మీతో సహా."

అందరూ నవ్వారు. ఆమె అన్నది నిజమే. జనవరి నుంచి కాయ మార్కెట్ యార్డుకు చేరేదాకా ఈ ఊళ్ళలో దగ్గని మనిషి ఉండడు. అన్నం తింటూ దగ్గుతారు, నిద్రలో దగ్గుతారు. పక్కమనిషి దగ్గితే ఎవరూ తల తిప్పి చూడరు.

డాక్టరు వెంట వచ్చిన ఏఎన్నెం బల్ల వేసి టెస్టు కిట్లు పరిచింది. ఒక్కొక్కరే వచ్చి ముక్కు చూపించి, తుమ్ముకుంటూ వెళ్ళి మళ్ళీ కాయల ముందు కూర్చుంటున్నారు. సర్దార్‌బీ వంతు వచ్చింది. పొద్దున హారికకు ఇడ్లీ పెట్టి, జడ వేసి, రోజూ వచ్చినట్టే కల్లానికి వచ్చింది ఆమె. ఆ గదిలోకి ఎవరు వెళ్ళాలన్నది రాఘవమ్మ కట్టడిలో ఉంది. వెళ్ళే మనిషి బయట ఎక్కడెక్కడ తిరగొచ్చన్నది లేదు. వచ్చిపోయిన మనిషికి అలాంటి పట్టింపు అవసరమని ఎవరికీ తోచలేదు.

"నాకెందుకమ్మా ఇది? పోయినేడే వచ్చిపోయింది. ఆ మీదట రెండు సూదులు కూడా పడ్డాయి. నా దగ్గర దానికింక చోటు లేదు" అంది సర్దార్‌బీ.

"ఒకసారి చూద్దాం రండి" అంది డాక్టరు.

కాసేపటికి ఏఎన్నెం కిట్టు పైకెత్తి డాక్టరుకు చూపించింది. "మేడం, రెండు గీతలు."

రాజ్యం ఊరుకోలేదు. "వినండే, మన సర్దార్‌బీకి ఈ వయసులో రెండు గీతలు పడ్డాయంట. వాళ్ళాయన ఖాదర్‌కి కబురు చెయ్యండి."

ఈసారి నవ్వు మొదలైంది గానీ సాగలేదు. చింతచెట్టు నీడలో కుర్చీ వేసుకుని కూర్చున్న రాఘవమ్మ లేచి నిలబడడం అందరూ చూశారు.

"అది తప్పు చూపిస్తంది. మళ్ళీ చెయ్యండి" అంది రాఘవమ్మ.

మళ్ళీ చేశారు. మళ్ళీ అవే గీతలు. సర్దార్‌బీ తన చేతులవైపు చూసుకుంది. పొద్దున జడ వేసిన చేతులు. కల్లంలో ఆమె చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు పక్కకు జరిగారు.

"డాక్టరమ్మా, నాకొక మాట చెప్పండి" అంది రాఘవమ్మ. గొంతు పెంచలేదు. "మా చిన్నప్పుడు ఇంట్లో పిల్లలకి ఆటలమ్మ పోస్తే, ఒకసారి పోసిన మనిషినే దగ్గర కూచోబెట్టేవాళ్ళం. వేపాకు నీళ్ళు పోసేది, పథ్యం పెట్టేది ఆ మనిషే. రెండోసారి పోసిందని నేను వినలా. మా అమ్మ వినలా. నేను ఆ పద్ధతే పెట్టాను. దాంట్లో తప్పేముంది?"

"ఆటలమ్మకైతే తప్పేం లేదమ్మా. ఆ వైరస్ పెద్దగా మారదు. మీ అమ్మగారి కాలంలో ఎట్లా ఉందో దాదాపు ఇప్పుడూ అట్లాగే ఉంది. ఒళ్ళు ఒకసారి చూసిందంటే చాలావరకు జన్మకు సరిపోతుంది. ఇది మారుతుంది."

శ్రీకృష్ణ అప్పుడే బండి ఆపి వచ్చాడు. సంగతి దారిలోనే తెలిసినట్టుంది. "మారడమంటే, మా నల్ల తామర పురుగులాగానా మేడం? ఈ ఏడు పూతంతా నాకేసింది. ఏ మందు కొట్టినా చావలా. ఇదీ టీకాకి అలవాటుపడిందా?"

"అట్లా కాదండీ. మందైతే మీరు కొడతారు, పోయి పురుగుమీద పడుతుంది. టీకా వైరస్ మీద పడదు. ఫలానావాడు వస్తాడు, వాడి పోలిక ఇదీ అని మీ ఒంటికి చూపిస్తుంది, అంతే. జబ్బు వచ్చిపోయినా జరిగేది అదే. ఒళ్ళు ఆ పోలిక గుర్తుపెట్టుకుని యాంటీబాడీలు తయారుచేసుకుంటుంది. టీవీలో బొమ్మ చూశారుగా, చుట్టూ ముళ్ళుంటాయి. ఆ ముళ్ళ మీద కొన్ని చోట్ల ఈ యాంటీబాడీలు పట్టుకుంటాయి. పట్టు దొరికితే వైరస్ మన కణాల్లోకి పోలేదు. ఇప్పుడొచ్చిన దానికి ఆ పట్టు దొరికే చోట్లే చాలా మారిపోయాయి."

"గడ్డం గీయించుకుని వచ్చాడన్నమాట" అంది రాజ్యం.

"అట్లాంటిదే. కాకపోతే వాడు కావాలని చేసిన పని కాదు. ఒకరినుంచి ఒకరికి పాకేటప్పుడు వైరస్ తనంత తానే కొద్దికొద్దిగా మారుతుంటుంది. చాలా మార్పులు ఎందుకూ పనికిరాకుండా పోతాయి. కానీ అందరికీ జబ్బన్నా వచ్చి, టీకా అన్నా పడి ఉన్న ఊళ్ళో, పట్టు దొరకని రకం ఒకటి పుట్టిందనుకోండి, పాతవి ఆగిపోయి అదొక్కటే పెరుగుతుంది. ఒమిక్రాన్ అంటున్నారే, అదే అయ్యుంటుంది. ఈ కిట్టు ఏ రకమో చెప్పదు. కానీ ఈ నెలలో మా దగ్గర వచ్చిపోయినవాళ్ళకే మళ్ళీ వస్తోంది."

"మరి సూదులెందుకు వేసినట్టు?" అంది రాఘవమ్మ.

డాక్టరు సర్దార్‌బీవైపు చూపించింది. "కిందటేడు ఈవిడ ఆక్సిజన్ మీద ఉన్నారు. ఇవాళ తాలు ఏరుతున్నారు. అందుకే వేసింది. యాంటీబాడీలు గుమ్మం దగ్గరి కాపలా. ఇంటి లోపల ఇంకో కాపలా ఉంటుంది. అది ముళ్ళొక్కటే చూడదు, వైరస్‌లో మారని ముక్కల్ని కూడా గుర్తుపడుతుంది. గుమ్మం దాటొచ్చిన దాన్ని లోపల పట్టుకుంటుంది. అందుకే ఈవిడకి గొంతుతో ఆగింది. ఊపిరితిత్తుల దాకా పోలేదు. కాకపోతే ఆగేలోపు పక్కవాళ్ళకి అంటుతుంది. తనకి జబ్బుందని తెలియకుండానే అంటుతుంది."

"మరి హారికకి?" అన్నాడు శ్రీకృష్ణ.

"మీ ఆవిడ వేసుకునే మాత్రలు ఆ రెండు కాపలాల్నీ పడుకోబెడతాయండీ. కిడ్నీని కాపాడాలంటే అదే పని చెయ్యాలి. ఆవిడకి కూడా టీకా వేశారు గానీ, నేర్చుకునే ఒళ్ళే పడుకుని ఉంటే టీకా ఎంతని నేర్పుతుంది?"

రాఘవమ్మ కాయల మధ్యనుంచి నడిచి సర్దార్‌బీకి కాస్త దూరంలో ఆగింది. ఈ ఇద్దరూ ఒక గోడకు అటూ ఇటూ ముప్పై ఏళ్ళు కాపురాలు చేసినవాళ్ళు. పురుళ్ళప్పుడు ఒకరికొకరు పథ్యం వండుకున్నారు.

"గొంతు బాగాలేదని నీకు తెలుసా లేదా?" అంది రాఘవమ్మ.

"తెలుసక్కా."

"ఎన్నాళ్ళనించి?"

"నాలుగు రోజులుగా గరగరగా ఉంది."

"తెలిసి తెలిసి నా ఇంట్లోకి ఎట్లా వచ్చావే? ఆ పిల్ల ఒంట్లో ఉన్నది నా కొడుకు కిడ్నీ. అది నీకు తెలవదా? ఒక్క మాట చెబితే నీ నోటి ముత్యాలు రాలిపోయేవా?"

సర్దార్‌బీ తలెత్తి ఆమె మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది. నాలుగు రోజుల కిందట, పొద్దున్నే పెరటి గోడ దగ్గర, ఆమె ఆ మాట చెప్పే ఉంది. గొంతు పట్టేసిందక్కా, ఇవాళ హారిక దగ్గరికి పోనా మాననా అని అడిగింది. రాఘవమ్మ అప్పుడు కూలీలకు టీ కలుపుతోంది. తల తిప్పకుండానే, కోతల్లో గొంతు పట్టకుండా ఎవరికుంటుందే, నీకు వచ్చిపోయిందిగా, పో, పిల్ల ఆకలితో ఉంటది అంది. అప్పుడు అక్కడ ఇంకెవరూ లేరు.

ఇప్పుడు కల్లం నిండా మనుషులున్నారు. శ్రీకృష్ణ ఉన్నాడు. సర్దార్‌బీ పెదవి విప్పితే నమ్మేవాళ్ళు నమ్ముతారు, నమ్మనివాళ్ళు నమ్మరు. ఆమె పెదవి విప్పలేదు. కొంగు మూతికి అడ్డం పెట్టుకుని, కాయలు తొక్కకుండా చూసుకుంటూ కల్లం దాటి వెళ్ళిపోయింది.

"నోట మాట లేదు చూడు" అని ఎవరో అన్నారు.

రాఘవమ్మ ఆ మాట విన్నది. దాన్ని సరిదిద్దలేదు.

* * *

హారిక గది ఇంటికి ఉత్తరం వైపు, వసారా చివర ఉంటుంది. డాక్టర్ నాజియా లోపలికి వెళ్ళి అయిదు నిమిషాల్లో బయటికి వచ్చి, చేతికున్న తొడుగులు విప్పి కవర్లో వేసింది. ఆమె చెప్పకముందే శ్రీకృష్ణ అరుగుమీద కూలబడ్డాడు.

"పాజిటివే. నిన్నటినుంచి ఒళ్ళు వెచ్చగా ఉందంట, ఎవరికీ చెప్పలేదు. ఇప్పటికి ఆక్సిజన్ బాగానే ఉంది."

కిటికీ ఊచల వెనక హారిక మంచం మీద కూర్చుని ఉంది. "మీరంతా కోతల హడావిడిలో ఉన్నారు అత్తయ్యా. చిన్న వేడే గదా అనుకున్నాను" అంది.

ఈ ఇంట్లో చెప్పినవాళ్ళ మాట చెవికెక్కలేదు, చెప్పనివాళ్ళ మాట సరేసరి. రాఘవమ్మ కిటికీ దగ్గరికి వెళ్ళబోయి ఆగింది.

డాక్టరు గుంటూరులోని కిడ్నీ డాక్టరుకు ఫోన్ చేసి స్పీకరు పెట్టింది. ఆయన గొంతు నెమ్మదిగా, అలసటగా ఉంది. ఆ వారంలో అలాంటి ఫోన్లు ఆయనకు చాలా వచ్చినట్టున్నాయి. అన్నీ విని, మూడు మాత్రల్లో ఒకదాన్ని ఇవాళ సాయంత్రం నుంచి ఆపమన్నాడు. మిగతా రెండూ వెయ్యాలి. రేపు పొద్దున్నే రక్తపరీక్షలకు తీసుకురావాలి, వైరస్ మందు అక్కడ మొదలుపెడతాడు. ఈలోపు ఆక్సిజన్ తొంభై నాలుగుకు దిగితే మాత్రం ఆగకుండా బయల్దేరాలి.

"మాత్ర ఆపితే కిడ్నీకేమన్నా అవుద్దా సార్?" అని అడిగింది రాఘవమ్మ.

"ఆపితే ఒంటికి కాస్త మెలకువ వస్తుందమ్మా, వైరస్‌తో పోరాడుతుంది. మెలకువ వచ్చిన ఒళ్ళు కిడ్నీ మీదకి కూడా తిరగొచ్చు. కొద్ది రోజులే కాబట్టి ఆ ప్రమాదం తక్కువ. ఆపకపోతే ఉన్న ప్రమాదం అంతకంటే చాలా ఎక్కువ. ముందు మనిషి దక్కాలి కదా."

"తక్కువంటే ఎంత?"

"లేదని మాత్రం చెప్పలేను."

ఫోన్ పెట్టేశాక రాఘవమ్మ కొడుకు నడుం వైపు చూసింది. చొక్కా కింద అక్కడో కుట్టు గీత ఉంటుందని ఆమెకు తెలుసు. ఆపరేషన్ అయిన మొదటి ఆరు నెలలూ తనే ఆ గీతకు కొబ్బరినూనె రాసింది. కోడలిమీద ఆమెకు కోపం ఉండేదని ఊళ్ళో అనుకునేవాళ్ళు. అది కోపం కాదు. బ్యాంకు లాకరులో పెట్టిన వస్తువుమీద ఉండే శ్రద్ధ లాంటిది.

"ఇవాళంతా ఒక మనిషి లోపలే ఉండాలి" అంది డాక్టరు. "గంటకోసారి ఆక్సిజన్ చూడాలి, ఏదో ఒకటి తాగించాలి. ఎవరుంటారు?"

"నేను" అన్నాడు శ్రీకృష్ణ.

"నువ్వు ఉండవు" అంది రాఘవమ్మ.

"నా పెళ్ళాం అమ్మా."

"ఒక్క కిడ్నీతో ఉన్నోడివి. అది కూడా పాడుచేసుకుని ఇద్దరూ పక్కపక్కన పడుకుంటారా? నేనుంటా."

"మీకు బీపీ, షుగరు రెండూ ఉన్నాయి" అంది డాక్టరు. కాస్త ఆగి, ఎలా చెప్పాలో చూసుకుని, "ఇప్పుడు ఆ గదిలో కొత్తగా అంటుకుంటుందన్న భయం లేకుండా ఉండగలిగిన మనిషి ఈ ఊళ్ళో ఒక్కరే ఉన్నారమ్మా. ఇద్దరిదీ ఒకే జబ్బు, ఒకే రోజుల్లో వచ్చింది. ఆవిడ ఒంట్లో బాగుంటే, ఆవిడకి ఇష్టమైతే" అంది.

ఎవరని రాఘవమ్మ అడగలేదు. కట్టడి తనదే. గంట కిందట తనే ఆ మనిషిని నలుగురిలో కడిగేసింది. మళ్ళీ ఆ కట్టడి ప్రకారమే గదిలోకి వెళ్ళగలిగింది ఆ మనిషి ఒక్కతే.

"నేను అడుగుతానులే అమ్మా" అన్నాడు శ్రీకృష్ణ. "నువ్వు అన్నది మనసులో పెట్టుకోకుండా నా మొహం చూసి వస్తుందేమో."

"నేనే పోతా" అంది రాఘవమ్మ. అతను వెనకే వచ్చాడు.

* * *

అబ్దుల్ ఖాదర్ స్ప్రేయర్లు బాగుచేస్తాడు. పంచలో నాలుగైదు విప్పి పెట్టి ఉన్నాయి. ఒకదాని గొట్టంలోకి ఊది చూస్తూ, వచ్చినవాళ్ళను చూసి మాస్కు పైకి లాక్కున్నాడు. లేవలేదు.

"సర్దారు ఉందా?" అంది రాఘవమ్మ వాకిట్లోనే ఆగి.

"ఎక్కడికి పోద్ది? జబ్బు మనిషి గదా. దాంట్లో మీకు అనుమానం కూడా లేదు."

"పిలువు ఖాదరూ."

"కల్లంలో అందరి ముందూ అనాల్సింది అనేశావంటగా అక్కా. ఇంకా ఏమన్నా మిగిలిందా?"

లోపలినుంచి సర్దార్‌బీ వచ్చి గుమ్మం అవతల నిలబడింది. తలస్నానం చేసినట్టుంది, జుట్టు తడిగా ఉంది. మూతికి బట్ట కట్టుకుంది. "పిల్లకెట్లా ఉంది?" అని శ్రీకృష్ణను అడిగింది.

"వచ్చింది పిన్నీ."

ఆమె గుమ్మం పట్టుకుంది. ఖాదర్ చేతిలోని గొట్టం కింద పెట్టాడు.

"తోడుగా ఒక మనిషి లోపల ఉండాలంట" అంది రాఘవమ్మ. "నువ్వయితేనే కుదురుద్దని డాక్టరు చెప్పింది."

"డాక్టరు చెప్పింది. నువ్వేం చెబుతున్నావు?"

"రమ్మని చెబుతున్నా."

"వచ్చాక పిల్లకి ఏమన్నా అయితే మళ్ళీ కల్లంలోకి పిలుస్తావా?"

రాఘవమ్మ కొంగు సర్దుకుంది.

"నేను వస్తానక్కా. ఆ పిల్ల నాకు పరాయిది కాదు. నువ్వు రమ్మన్నా, వద్దన్నా వస్తా. ఒక్కటి మాత్రం తేల్చు. పెరటి గోడ దగ్గర నేను నిన్ను ఏమడిగాను, నువ్వేమన్నావు? అబ్బాయి ఉన్నాడు, వాడి ముందు చెప్పు."

శ్రీకృష్ణ తల్లివైపు తిరిగాడు. రాఘవమ్మకు కావాలంటే ఆ నిమిషంలో గుర్తులేదని చెప్పొచ్చు. రోజూ కూలీలకు టీ కలుపుతూ వంద మాటలు అంటుంది, అందులో ఒకటి మరిచిపోవడం వింతేమీ కాదు. సర్దార్‌బీ దాన్ని కూడా మింగి వచ్చేదే.

"అడిగింది రా" అంది రాఘవమ్మ. కొడుకును చూడకుండా, పంచలోని స్ప్రేయర్లను చూస్తూ చెప్పింది. "గొంతు బాగాలేదు, పోవాలా వద్దా అని అడిగింది. కోతల గొంతేలే, నీకు వచ్చిపోయింది గదా అని నేనే పంపించా."

శ్రీకృష్ణ తల్లిని తిడతాడేమోనని ఖాదర్ చూశాడు. అతను తిట్టలేదు. నాలుగడుగులు పక్కకు వేసి, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. రాఘవమ్మకు అతను తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

"నాకు చాలు" అంది సర్దార్‌బీ. "కల్లంలో అన్న మాటకి కల్లంలోనే చెప్పాలి. అది పిల్ల లేచాక చూసుకుందాం." లోపలికి వెళ్ళి రెండు చీరలు సంచిలో పెట్టుకుని వచ్చింది. ఖాదర్ సంచివైపు చూశాడు.

"నీకే బాగాలేదు" అన్నాడు.

"నాకు గొంతే. లోపల కాపలా ఉందంట" అందామె.

* * *

గదిలోకి వెళ్ళగానే సర్దార్‌బీ చేసిన మొదటి పని కిటికీ రెక్కలు పూర్తిగా తెరవడం. రెండోది హారిక వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టడం. తొంభై ఆరు. హారిక ఆమె చెయ్యి వదల్లేదు.

"నీ మీద కోపం లేదు పిన్నీ."

"ఉన్నా ఫర్వాలేదు. ముందు ఈ జావ తాగు."

"అందరిలో అన్నారంట గదా."

"నీకెవరు చెప్పారు?"

"రాజ్యం అత్త. కిటికీ దగ్గర నిలబడి మొత్తం చెప్పి వెళ్ళింది. రెండు గీతల సంగతి కూడా."

సర్దార్‌బీకి నవ్వొచ్చింది. నవ్వితే దగ్గు వచ్చింది. హారికకూ దగ్గు వచ్చింది. మూతి బట్టలు తీసేసిన ఇద్దరూ మొహాలు పక్కకు తిప్పుకోలేదు. ఎన్నో నెలలుగా ఆ గదిలోకి మాస్కు లేకుండా ఎవరూ వచ్చి కూర్చోలేదు. హారిక సర్దార్‌బీ మొహాన్ని, బుగ్గమీది పుట్టుమచ్చను, పై పన్ను వంకరను కొత్తగా చూస్తున్నట్టు చూసింది.

జావ సగం తాగి గ్లాసు కింద పెట్టింది.

"సాయంత్రం మాత్ర ఒకటి ఆపాలంట. ఏదో చూపించు, తీసి పక్కన పెడతా" అంది సర్దార్‌బీ మాత్రల డబ్బా అందుకుంటూ.

సర్దార్‌బీ డబ్బా మూత తీసింది. అందులో రెండు రకాలే ఉన్నాయి.

"మూడోది ఏదమ్మా?"

"గట్టిగా అడగొద్దు పిన్నీ." హారిక గొంతు తగ్గించింది. "స్పీకర్లో డాక్టరు చెబుతుంటే విన్నాను. ఎవరన్నా వచ్చి డబ్బా తీసుకుపోతారని సాయంత్రంది అప్పుడే వేసేసుకున్నా. మిగతా అట్ట దిండు కింద పెట్టా. రేపు కూడా వేసుకుంటా."

"పిచ్చా నీకు? నువ్వు దక్కాలనే గదా ఆపమన్నది?"

"కిడ్నీ పోతే?"

"కొద్ది రోజులకి పోదన్నాడు గదా ఆయన."

"లేదని చెప్పలేనన్నాడు. అది కూడా విన్నా. పిన్నీ, అత్తయ్య రోజూ ఆ కిటికీలోంచి చూస్తుందే, అప్పుడు నన్ను చూడదు. దాన్ని చూస్తుంది. దానికి అన్నం పెట్టమని నిన్ను పంపిస్తుంది. ఆయన పొలంలో బస్తా ఎత్తబోయి ఆగిపోతాడు, అప్పుడు కూడా నాకు అదే గుర్తొస్తుంది. అంత చేసి ఇచ్చినదాన్ని నేను జ్వరానికి భయపడి పోగొట్టుకుంటే, ఈ ఇంట్లో నేనెవర్ని?"

"నువ్వే పోతే అది ఎక్కడుంటుందే?"

హారిక దిండుమీద తల వాల్చి కళ్ళు మూసుకుంది. నుదురు పొద్దుటికంటే వేడిగా ఉంది. "ఆయనకి చెప్పొద్దు. అత్తయ్యకి అసలు చెప్పొద్దు. నా మీద ఒట్టు" అంది.

సర్దార్‌బీ మళ్ళీ క్లిప్పు పెట్టింది. అంకె కాసేపు అటూ ఇటూ ఊగి తొంభై అయిదు దగ్గర నిలిచింది. ఆమె దిండు వైపు చూసింది. హారిక అరచెయ్యి ఆ దిండు అంచుమీదే ఉంది.

వసారాలో చెప్పుల చప్పుడైంది. కిటికీకి నాలుగడుగుల దూరంలో, డాక్టరు గీసి చూపించిన చోట, రాఘవమ్మ వచ్చి ఆగింది. ఆమె వెనక శ్రీకృష్ణ ఉన్నాడు. ఖాదర్ వాకిట్లోంచి వచ్చిన దగ్గర్నుంచి తల్లీకొడుకులు ఒక్క మాటా మాట్లాడుకున్నట్టు లేదు.

"సర్దారూ" అంది రాఘవమ్మ. గొంతులో ఎప్పుడూ లేని మెత్తదనం ఉంది. "ఈసారి నువ్వేం చెబితే అదే వింటా. ఆ మాత్ర ఆపిందా?"

దుప్పటి కింద హారిక చెయ్యి వచ్చి సర్దార్‌బీ మణికట్టును పట్టుకుంది. వేడిగా, గట్టిగా పట్టుకుంది. సర్దార్‌బీ కిటికీ వైపు తిరిగింది.